మొండివంక దిగుడులో బ్రేకు పట్టేదెవరు?

మొండివంక దిగుడంటే గార్లదిన్నె చుట్టుపక్కల డ్రైవర్లకు హడల్. ఆ వంకలో నీళ్లు పారి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. పొద్దుగూకితే మాత్రం ఆ దారిన బండి తోలడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. అక్కడ బయ్యన్న ఉన్నాడట... చచ్చిపోయిన బయ్యన్న. బ్రేకు కింద చెయ్యి పెట్టి పట్టుకుంటాడట.

నేను చూడలేదు. డ్రైవరు తిప్పయ్య చెప్పిందే చెప్తున్నాను. సంగతి తేలిన రాత్రి స్టీరింగు పట్టుకున్నది అతనే.

బయ్యన్న తన పాత అంబాసిడర్‌లో పుట్టపర్తి బాడుగలు తోలేవాడు. 2000 ఎండాకాలంలో ఒక రాత్రి ఖాళీ బండితో ఇంటికొస్తూ, ఆ దిగుడు కింద కల్వర్టును గుద్ది పోయాడు. భార్య యశోదమ్మ బండి బాగు చేయించి తిప్పయ్యను పెట్టుకుంది. నెల తిరగకముందే, అదే దిగుడులో, రాత్రిపూట తిప్పయ్య బ్రేకు తొక్కితే — దిగలేదు. రాయి మీద కాలు పెట్టినట్టుంది. తుమ్మచెట్లలోకి తిప్పి ప్రాణం దక్కించుకున్నాడు. తర్వాత నాగప్ప అనే ఇంకో డ్రైవరు తోలాడు. అతనికీ అంతే.

అనంతపురంలో ఇద్దరు మెకానిక్కులు ఇంజను స్టార్ట్ చేసి చూశారు. బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. ఇంకేముంది, దెయ్యమేనని ఊరు తేల్చేసింది! దెయ్యాన్ని నమ్మడానికి క్షణం పట్టలేదు గానీ, ఆ ఇంజను ఏదో చూద్దామని ఒక్కడికీ తోచలేదు.

బయ్యన్న అన్న గోవిందప్ప మంత్రగాణ్ని మాట్లాడుకొచ్చాడు. అమావాస్య రాత్రి దిగుడు కింద ఇనుప మేకు దిగ్గొట్టి, తమ్ముణ్ని అక్కడే కట్టేయాలన్నాడు.

యశోదమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"బతికినన్నాళ్లూ ఒకరి జోలికి పోనోడు, సచ్చి మందిని సంపుతాడా బావా? మొగుణ్ని మేకేసి కట్టేస్తామంటే సూస్తా ఊరకుంటానా? ముందు నా గుండెల మీద కొట్టండి."

"మరి బ్రేకు పట్టుకుంటాండేది ఎవరో సూపీ!"

"సూపిస్తా. అమావాస్యకు మీరూ రాండి."

మర్నాడే ఆమె ముసలి మెకానిక్ మాబు సాబ్‌ను పిలిపించింది. ఆయన బానెట్ ఎత్తి, కిరసనాయిలు గుడ్డతో ఇంజను మీది జిడ్డు తుడిచాడు. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. కాగితం మీద తేలిన అంకెల్ని ఆర్సీ బుక్కు పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఈ బండి ఇంజను కాదమ్మా. కొత్త మోడలుది. బ్రేకులు గూడా దానివే."

అప్పుడు గుర్తొచ్చింది యశోదమ్మకు. పోయే ముందు నెలలోనే బండి వారం రోజులు షెడ్డులో ఉంది. ఏం చేయించాడో బయ్యన్న చెప్పలేదు, బుక్కులోనూ ఎక్కించలేదు.

మాబు సాబ్ తిప్పయ్య వైపు తిరిగాడు. "దిగుడులో ఏం చేస్తావప్పా?"

"అందరూ చేసేదే అన్నా. ఇంజను ఆపి న్యూట్రల్లో వదులుతా. డీజిలు మిగుల్తాదని."

మాబు సాబ్ బానెట్ మూసేశాడు.

అమావాస్య రాత్రి. దిగుడు కింద గోవిందప్ప, మంత్రగాడు, ఒక లాంతరు. పైన అంబాసిడర్‌లో ముగ్గురు. యశోదమ్మ వెనక సీట్లో కూర్చుంది. వద్దంటే వినలేదు.

"ఆ పొద్దు చేసినట్టే చెయ్" అన్నాడు మాబు సాబ్, చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద పెట్టుకుని.

తిప్పయ్య ఇంజను ఆపాడు. చప్పుడు లేదు... టైర్ల కింద గులకరాళ్లు తప్ప. బండి వేగం అందుకుంది. ఒకసారి బ్రేకు తొక్కాడు — తగ్గింది. మలుపులో రెండోసారి — కొంచెమే తగ్గింది. కల్వర్టు దగ్గర పడుతోంది... మూడోసారి తొక్కాడు —

రాయి.

"అన్నా... పట్టుకున్యాడు!"

"గేరెయ్! కీ తిప్పు!"

బండి ఒక్క కుదుపు కుదిపింది. ఇంజను అందుకుంది. తిప్పయ్య కాలు కింద పెడల్ మెత్తగా దిగింది. కల్వర్టుకు బారెడు దూరంలో బండి ఆగింది.

లాంతరు పట్టుకుని గోవిందప్ప పరిగెత్తుకొచ్చాడు.

"ఎవ్వరూ పట్టుకోలా" అన్నాడు మాబు సాబ్, చెమట తుడుచుకుంటూ. "ఈ బ్రేకుకు బలమిచ్చేది ఇంజనే. ఇంజను ఆపితే రెండు తూర్లు తొక్కేంత బలం మిగుల్తాది, మూడోతూరికి రాయే. షెడ్డులో ఇంజను నడస్తాంటే తొక్కి సూసినారు, యాడ తెలుస్తాది? పాత బ్రేకులకు ఈ బాధ లేదు. ఇరవై ఏండ్లు ఇంజను ఆపుకోనే దిగినాడు బయ్యన్న. అదే అలవాటున ఆ రాత్రీ ఆపినాడు."

మంత్రగాడు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

గోవిందప్ప తల దించుకున్నాడు. "మందంతా అంటాంటే నమ్మితిమి యశోదమ్మా. నువ్వొక్కదానివే ఎట్లా నమ్మకుంటివి?"

యశోదమ్మ బండి దిగింది.

"నమ్మలేదని ఎవరు సెప్పినారు బావా? ఎన్ని రాత్రులు ఒక్కదాన్నే వచ్చి ఈ కల్వర్టు మీద కూచ్చున్యానో మీకేం తెలుసు. బతికుండగా ఎన్నడూ నోట పలకని పేరు పెట్టి పిలిస్తి. నిజంగా ఈడుండింటే... నాకు పలక్కుండా మీ బ్రేకులు పట్టుకుంటాడా?"