తాళం ఒప్పుకునే రెండు మిల్లీసెకన్లు

"మీ అక్కకి పదకొండు నిమిషాల గాలి మిగిలింది. పోయి తీసుకురా." చీఫ్ బ్రీఫింగ్ అంతే.

ఆ ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో ఉడుం అంటారు. ప్లంబర్ వేషంలో శత్రుముఠా ల్యాబ్‌లోకి దూరాడు. నలుగురు గార్డులను ఒకే పైపుతో పడుకోబెట్టాడు. ఐదోవాడు అది చూసి తనంతట తానే పడుకున్నాడు.

చివర ఉక్కు గది, తలుపుకు చిన్న అద్దం. లోపల క్షిపణి కోడ్‌లు రాసే సైంటిస్ట్ అయిన అక్క గోడకు చేరబడి నోటితో గాలి పీలుస్తోంది. బయట తలుపు పక్కన సంకెళ్లతో అత్తరు అనే మారుపేరున్న గూఢచారి. రెండు పక్షాలకూ పనిచేసే అందగత్తె. ఆ సంగతి తెలిసిపోయి ముఠా పెద్దలు ఆమెను కట్టేసి పారిపోయారు.

"తాళం ఈ ఫోన్ మాటే వింటుంది," అంటూ కాలితో ఓ ఫోన్‌ను తోసింది అత్తరు. "ఏ సెకనైనా సరే, పావు సెకను దాటాక రెండు మిల్లీసెకన్ల లోపు ఇందులో ఉన్న ఓపెన్ కోడ్ పడాలి. మూడుసార్లు తప్పితే ఇక తెరుచుకోదు."

ఉడుం జేబులోని మడత కీబోర్డు తగిలించి, ఆదేశాలు టైపు చేసే ఫోన్ కమాండ్ షెల్ తెరిచాడు. ఆఫీసు కంప్యూటర్‌లో అలవాటైనట్టే టైము చెప్పే డేట్ కమాండ్‌ను నానోసెకన్లు, అంటే సెకనులో వందకోట్లో వంతులు, అడుగుతూ స్క్రిప్ట్ రాసి ఎంటర్ కొట్టాడు.

ఎర్ర లైటు.

చూస్తే, తొమ్మిది అంకెలు ఉండాల్సిన చోట N అనే ఒంటి అక్షరం! ఈ ఫోన్‌లోని డేట్‌కు సెకన్లు తప్ప ఇంకేం తెలియదు.

సెకను మారిన క్షణం పట్టుకుని, అక్కడినుంచి పావు సెకను ఆగి కోడ్ పంపాడు. డేట్ లేచి జవాబు చెప్పేసరికే ఐదారు మిల్లీసెకన్లు హరీ అన్నాయి.

రెండో ఎర్ర లైటు. అద్దం అవతల అక్క పక్కకు ఒరిగిపోయింది.

"ఊరికే డేట్‌ని పిలుస్తావేంటయ్యా? అది బయటి ప్రోగ్రాం," అరిచింది అత్తరు. "టైము షెల్‌కే తెలుసు. ఎపోక్ రియల్‌టైమ్ అనే వేరియబుల్ చూడు!"

"నిన్ను నమ్మి నిరుడు మూడు ఎముకలు విరగ్గొట్టుకున్నా."

"నాలుగోది విరిగితే అప్పుడు తిట్టు. ముందు కొట్టు!"

కొట్టాడు. చుక్క తర్వాత ఆరు అంకెలు! మైక్రోసెకన్లు, అంటే సెకనులో పదిలక్షో వంతులు. లూప్ రాశాడు: కొత్త సెకనులో ఆ అంకెలు రెండున్నర లక్షలు చేరగానే కోడ్ వదలాలి. కళ్లు మూసుకుని ఎంటర్ నొక్కాడు.

పచ్చ లైటు. తలుపు బుస్సుమంది. అక్కను రెండు చేతులతో బయటికి లాగాడు. ఆమె దగ్గి, దగ్గి, కళ్లు తెరిచింది.

"ఎంతసేపురా? చిన్నప్పట్నించీ ఇంతే, ఒక్క పనీ టైముకి చెయ్యవు."

ఉడుం ఫోన్ వంక చూశాడు. పావు సెకను మీద నాలుగు వందల మైక్రోసెకన్లు ఆలస్యం.

"తప్పయిపోయిందక్కా," అన్నాడు. అక్కతో వాదించడం ఏ ఏజెంటుకూ ట్రైనింగులో నేర్పరు.