పిస్టన్ పెన్ను మరల్లో సిరా

ఓడరేవు పక్క వాట్‌గంజ్ సందులో అప్పటికే కుళాయి దగ్గర బిందెల గోల మొదలైంది. రమాకుమారి ముందుగది కిటికీ తెరిచి, బల్లమీది రెండు పెన్నుల్లో ఒకదాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. చూడగానే దాన్ని కిటికీకి ఇంకా దగ్గరగా జరిపింది.

ఆ పెన్నుల మూలంగా ఇంట్లో తండ్రీకూతుళ్ళకు వారంగా మాటల్లేవు. తండ్రి అప్పలసూరి ఓడల డాక్‌లో ఫిట్టరుగా రిటైరయ్యాక ఈ గదిలోనే లేత్ మిషన్ పెట్టుకున్నాడు. గాజులా మెరిసే ప్లాస్టిక్ కడ్డీలతో ఇంకు పెన్నులు చేస్తాడు. కూతురు న్యూ టౌన్ ఆఫీసు ఉద్యోగానికో దండం పెట్టి వచ్చి ఆయనతో చేరింది. పెన్నుల దుకాణం బెంగాలీ దత్తాబాబు ఇవాళ వస్తానన్నాడు. నచ్చితే ఏడాది పొడవునా తీసుకుంటాడట, కానీ ఏదో ఒక్క రకమే కావాలట. అక్కడొచ్చింది తంటా. గొట్టంలోకి డ్రాపరుతో నేరుగా ఇంకు పోసుకునే పెన్నే చేద్దామంటాడు తండ్రి. ఇంకు తగ్గాక చేతివేడికి అది కక్కేస్తుంది, వెనక తిప్పితే తనే పీల్చుకునే పిస్టన్ పెడదామంటుంది కూతురు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే! చివరికి ఆయన పిస్టన్ పెన్నూ ఒకటి చేశాడు గానీ, ముఖం మాడ్చుకునే చేశాడు.

ఇప్పుడు ఆ పిస్టన్ పెన్ను ముక్కలు బిగిసే మరల్లోనే సన్నటి నీలి గీతలు కనిపిస్తున్నాయి. గాజులాంటి పెన్నులో ఒకసారి మరల్లోకి సిరా దిగిందంటే ఎంత కడిగినా పూర్తిగా పోదు. అందుకే కొత్త పెన్నును నీళ్ళతోనే పరీక్షించాలి. ఆ సంగతి ఆమెకు నేర్పింది అప్పలసూరే.

"నాన్నా! దీంట్లో సిరా ఎవరు పోశారు?"

పెరట్లోంచి వస్తూ అప్పలసూరి గుమ్మంలోనే ఆగిపోయాడు. "నానే పోసినాను."

"ఎందుకు?"

ఆయన చేతులు పంచెకి తుడుచుకుంటూ ముఖం తిప్పుకున్నాడు. అది చూసి రమాకుమారికి ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకో నాకు తెలుసులే. నీ డ్రాపర్ పెన్ను మాత్రం శుభ్రంగా ఉంది. దీన్ని పాడుచేస్తే దత్తాబాబు నీదే తీసుకుంటాడు, అంతేగా? సొంత కూతురి నోట్లో మట్టి కొడతావా?"

నోరు జారింది. జారిందని ఆమెకూ తెలిసింది, కానీ కోపం ఆగలేదు.

"ఓలమ్మో! ఏటి కూస్తన్నావే గుంటా?" వంటింట్లోంచి తల్లి జగ్గమ్మ పరుగున వచ్చింది. "కన్నతండ్రినేనా అంత మాటన్నావు?"

"నువ్వూరుకో అమ్మా! ఉద్యోగం వదులుకుని వచ్చింది నేను. ఇంకాసేపట్లో ఆయనొస్తాడు, ఏం చూపించమంటావు?"

అప్పలసూరి స్టూలు తడుముకుని కూర్చున్నాడు. "పాడు సెయ్యడానికి కాదమ్మా. ఆ బాబు సేతిలో కారిపోతే నీకు తలవంపులు కదా. అందుకే కారతందేమోనని సూసినాను."

"నీళ్ళు పోసి చూడొచ్చుగా?"

"నీళ్ళు కారితే..." ఆయన కళ్ళు నులుముకున్నాడు. "నాకు అగుపడ్డం నేదే."

రమాకుమారి పెన్ను బల్లమీద పెట్టేసి ఆయన కళ్ళలోకి చూసింది.

"రెండు కళ్ళకీ మబ్బులు కమ్మీసినాయి. అద్దంలాటి గొట్టంలో నీళ్ళు, బొట్టేదో గొట్టమేదో తెలీడం నేదు. నీలమైతే కొంచెం ఆనతాది. పొద్దున్నే పోసి సూసినాను, కారనేదు. నీ పిస్టన్ బాగుందే తల్లీ. మళ్ళీ కడిగీసినాను. మరక పోయిందనే అనుకున్నాను."

"అందుకేనా డ్రాపర్ డ్రాపర్ అని పట్టుబట్టావు?"

"దాంట్లో లోపల బిగించీదేటీ నేదు, సేతి అలవాటు మీద తీసీగలను. పిస్టన్‌కి కళ్ళు కావాల. ఈ ఒక్కటీ తడుముకుంటా ఎలాగో బిగించినాను. బేరం దానికే కుదిరితే నువ్వింకో ఫిట్టర్ని ఎట్టుకుంటావు. అప్పుడు ఈ గదిలో నాకేటి పని?"

జగ్గమ్మ వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఎంత మాటన్నాను ఈ మనిషిని అనుకుంది రమాకుమారి. కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే ఫోనందుకుని దత్తాబాబుకి కలిపింది.

"దాదా, ఇవాళ రావద్దు. మా నాన్నకు కంటి ఆపరేషన్ చేయించాలి. ఆయన చూసి సరేనన్న పెన్నే మీకిస్తాను." అవతల దత్తాబాబు విసుక్కున్నాడు, అన్నాళ్ళు ఆగలేనన్నాడు. "అయితే వేరేవాళ్ళ దగ్గర తీసుకోండి దాదా," అని పెట్టేసింది.

"పిచ్చిదానా! బేరం ఒగ్గీసినావేటే?" అప్పలసూరి కంగారుగా లేచాడు. "డ్రాపర్ది బాగానే ఉంది కదా, అదే ఇచ్చీ. నాను సేసి పెడతాను."

"వద్దు. మనం చేసేది పిస్టనే నాన్నా."

ఆయన ముఖం పాలిపోయింది. రమాకుమారి దగ్గరకెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"నీకు చూపు వచ్చాక నువ్వే బిగిద్దువుగాని. వేరే ఫిట్టర్ ఈ గుమ్మం తొక్కడు."

"అంతదాకా కాసుకుంటావేటి?"

"కాసుకుంటాను."

డాక్‌లో అందరినీ హడలెత్తించిన అప్పలసూరి కూతురి భుజంమీద తల పెట్టి బావురుమన్నాడు.