ఈసారి నిజంగానే బండి చెడిపోయింది

"మల్లచ్చినవా? ఇయ్యాల ఏం ఖరాబైంది? హారన్ గొంతు వట్టుకుందా?"

కోరుట్లలో ఎల్లేశం పెట్టిన ఆటో ఎలక్ట్రికల్ షెడ్డును ఇప్పుడు నడిపేది ఆయన బిడ్డ సృజనే. ఆమె వెటకారానికి దివాకర్ ముఖం చిన్నబోయింది. తప్పంతా అతనిదే మరి. మొన్న హారన్ అన్నాడు, అంతకు ముందు వైపర్ అన్నాడు. అన్నీ అబద్ధాలే. ఆమెను చూడటానికి మేడిపల్లి నుంచి తన కిరాయి కారులో డీజిల్ తగలేసుకుని వస్తున్నాడు.

"ఒట్టు సృజనా, ఈసారి నిజంగనే. పికప్ లేదు. ఎంత తొక్కినా బండి ముక్కుతుంది గని ఉరుకుతలేదు. సిరిసిల్ల కిరాయి వోతుంటే రుద్రంగి కాడ ఎత్తు గడ్డ ఎక్కక, సవారోళ్లు దిగి ఆటో ఎక్కిండ్రు."

"తొక్కుడు నీకు రాకపోతే బండేం జేస్తది?"

వెనక సీటు అద్దం దిగింది. "నా కొడుకు అబద్ధాలాడడు బిడ్డా" అంది అతని తల్లి నర్సవ్వ.

సృజన నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. దివాకర్ మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"జగిత్యాలల మెకానిక్‌లు టర్బో పోయిందన్నరు. ఈ బండి మాకు అచ్చిరాలేదని ఆగయ్య మామ పొద్దుగూకేసరికి బండి కొనే బేరగాణ్ని తోలుకొస్తుండు. దుబాయి వీసా గూడ తెచ్చిండు. బండి పోతే నేను వోవుడే."

"పోతే పో. నాకేంది?" అంది సృజన. అంటూనే స్కానర్ తెచ్చి తగిలించింది. అతను పోతే ఆమెకు బాధే, కానీ పైకి చెప్పే రకం కాదు.

"టర్బో పోలే. అది గాలి ఎంత నెడుతుందో కొలిచే సెన్సర్ ఉంటది. దాని మాట ఇంజన్‌కు అందుతలేదు. అందుకే ఇంజన్ తనకు తానే జోరు తగ్గించుకుంటుంది."

షెడ్డులో ఉన్న మంచి సెన్సర్ పెట్టి చూసింది. అదే కథ. సృజన ముఖం ముడుచుకుంది.

"ఏంది, నీకు గూడ తప్పయితదా?" అన్నాడు దివాకర్.

"పండ్లికిలియకు. సెన్సర్ మంచిదే ఐతే వైర్ల ఉన్నది రోగం."

మీటరు పెట్టింది. సెన్సర్‌కు కరెంటు వస్తోంది, ఎర్త్ బాగుంది. తిరిగి కబురు మోసే వైరు దగ్గరే తేడా. స్కానర్ మీద అంకె చూస్తూ, వైర్ల కట్టను మెల్లగా కదపమని దివాకర్‌కు చెప్పింది. ఇద్దరి తలలూ బానెట్ కింద దగ్గరయ్యాయి. షెడ్డు రేకుల మీద వాన మొదలైంది.

"అబద్ధాలు జెప్పి ఎందుకచ్చినవ్ ఇన్ని దినాలు?" అంకె మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"నీ కోసమే. పెండ్లి జేసుకుంటవా?"

"నేను షెడ్డు మూసి మీ ఇంట్ల కూసోను. మంచిగ ఆలోచన జేసుకో."

"మూయమని ఎవలన్నరు?"

అంకె ఒక్కసారి ఎగిరింది.

"ఆగు! గాడనే వట్టుకో!"

వైర్ల కట్ట వెనక దారానికి కుళ్లిన నిమ్మకాయ, ఎండుమిరపకాయలు వేలాడుతున్నాయి. నిమ్మరసం కారి కారి వైర్లు కలిపే కనెక్టర్‌లోకి దిగి, లోపలి పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది.

"ఎవల పని ఇది?"

నర్సవ్వ దిగి వచ్చింది. "నాదే. బయట కడితే ఎవలో తెంపుకపోతున్నరు. ఇంజన్‌కు దిష్టి తగలదా మరి?"

ఇంకొకరైతే పెద్దావిడ కదా అని నోరు మూసుకునేవారు. సృజన మూసుకోలేదు.

"అత్తా, నీ కొడుకును దుబాయికి తోలేది ఆగయ్య మామ గాదు. నీ నిమ్మకాయ."

నర్సవ్వ సృజనను కిందికీ మీదికీ చూసింది.

"గట్లనా? మరి తీసెయ్యక సూస్తవేంది?"

కొత్త కనెక్టర్ వేశాక, బండి జోరు చూద్దామని ముగ్గురూ కథలాపూర్ దాటి రుద్రంగి రోడ్డెక్కారు. ఎత్తు రాగానే దివాకర్ తొక్కాడు. బండి వానను చీల్చుకుంటూ దూకింది. నర్సవ్వ "ఓరి నాయనో" అని సీటుకు అతుక్కుపోయింది. సృజన గట్టిగా నవ్వింది.

అప్పుడే ఆగయ్య ఫోన్ చేశాడు. దివాకర్ స్పీకర్ పెట్టాడు.

"ఏడున్నవ్ రా? బేరగాడు ఈడ మేడిపల్లిల కూసున్నడు."

"పొమ్మను మామా. బండి అమ్మను, దుబాయి వోను. సృజనను జేసుకుంట."

"ఎవలు, గా బోల్టులు తిప్పే పిల్లనా? నలుగురు ఏమంటర్రా?"

దివాకర్ నోరు తెరిచేలోపు సృజన ఫోన్ లాక్కుంది. "మామా, నేనే మాట్లాడుతున్న. రేపు మీ ఇంటికే వస్త. ఏమనాల్నో నా ముంగటనే అను." అని పెట్టేసింది.

వైపర్లు తిరుగుతున్నాయి.

"రేపెందుకు?" అంది నర్సవ్వ వెనక నుంచి. "తిప్పురా బండి మేడిపల్లికి. ఇప్పుడే పోదాం."

సృజన తన చేతులు చూసుకుంది. గోళ్ల దాకా గ్రీజే. "షెడ్డు కాడ ఆపుమను అత్తా, కడుక్కొని వస్త."

"ఏమద్దు. గట్లనే రా బిడ్డా. ఆ నలుగుర్ని సూడనియ్."