నల్లకోటు కుట్లు

పొద్దున్నే కొట్టు తలుపు తీశాక దర్జీ మొదట చేసే పని, కూతురి కుట్లు సరిచూడటం. ఆమె నిద్ర లేచేలోగా వంకరపోయినవి విప్పి, తానే తిరిగి కుట్టి, ఏమీ ఎరగనట్టు మడతపెట్టేవాడు. ఆవేళ మాత్రం ఓపిక చచ్చింది. చొక్కా కాలరు మీద కుట్టు పాము నడిచినట్టుంది. కూతుర్ని లేపి, ఇదేమిటని నిలదీశాడు.

కుడిచేతి వేళ్లకు బట్ట స్పర్శ తెలియడం లేదని, మూడు వారాలుగా ఇదే వరస అని కూతురు చెప్పింది.

"ఇస్త్రీపెట్టె పడితే కళ్లు మసకలు, సూది పడితే వేళ్లకు తిమ్మిర్లు. పనిదొంగకు రోగాలకేం కొదవ?"

ఆమె కత్తెర అందుకోబోతే జారి కిందపడింది. తీయడానికి వంగబోయి, కాలు తూలి బల్ల పట్టుకుంది. దాంతో అతని కోపం దిగిపోయింది.

నరాల డాక్టరమ్మ స్కాను తీయించింది. మెదడులో, వెన్నుపాములో మచ్చలున్నాయి. మల్టిపుల్ స్క్లీరోసిస్ అని, ఒంటిని కాపాడాల్సిన శక్తే నరాల మీది పొరను కొరుకుతోందని నిదానంగా చెప్పింది. ఇస్త్రీ వేడికి చూపు మసకబారడమూ అందులోదేనంది. దర్జీ తల వంచుకున్నాడు.

ఇంతకుముందెప్పుడైనా ఇలా వచ్చి తగ్గిందా అని ఆవిడ అడిగింది. మందు విషయం తేల్చడానికి అది తెలియాలట. కూతురు లేదంది.

"వచ్చిందమ్మా," అన్నాడు దర్జీ. "రెండేళ్ల కిందట. ప్లీడరుగారి నల్లకోటు. నొప్పిగా ఉందని ఒక కన్ను మూసుకుని పదిరోజులు కుట్టింది. లోపలి గుడ్డంతా విప్పి నేనే మళ్లీ కుట్టాను."

కూతురు అతనివైపు తిరిగింది. "కోటు బాగా వచ్చిందన్నావుగా నాన్నా. అందుకేగా కంటికేం కాలేదనుకున్నాను."

"నీ పేరు పోకూడదని తల్లీ..."

డాక్టరమ్మ ఇప్పటికైనా చెప్పడం మంచిదైందంటూ రాసుకుంది. జబ్బు పూర్తిగా పోదు. ముందు కొన్నాళ్లు స్టెరాయిడ్ సెలైన్లు, ఆపైన మళ్లీ మళ్లీ రావడాన్ని తగ్గించే మందు.

రెండు నెలలకు వేళ్లకు కాస్త స్పర్శ వచ్చింది. అలసట పోలేదు. ఇస్త్రీ ఇప్పుడు తండ్రిది. ఫ్యాను కింది చోటు కూతురిది. ఒక పొద్దున ఆమె బొత్తాం తానే కుట్టడం చూసి అతని కళ్లు చెమర్చాయి. మిషను మీద తను వేస్తున్న కుట్టు పక్కకు పోయింది. గబుక్కున విప్పబోయాడు.

"ఆగు నాన్నా," అంది కూతురు. "ఇకనుంచి ఎవరి కుట్టు వంకరపోయినా ఇద్దరం చూశాకే విప్పుదాం."

అతను బట్టను ఆమె ఒళ్లో పెట్టాడు.