నేను చూస్తూ ఉంటాగా

జూనియే పట్నంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఆ జూదపు హాలుకి కిటికీలు లేవు. ఆదివారం పూజ అవగానే ముసలమ్మలు నేరుగా అక్కడికే వస్తారు. ఇంట్లో మాత్రం చర్చిలోనే ఉన్నామని చెప్తారు. ఆ హాల్లోనే తిరిగే వజీహ్ బతుకు ఆ అబద్ధం మీదే నడిచేది.

బాగా డబ్బు మింగిన జూదపు మెషీను ఇక ఇవ్వబోతోందని వాళ్ళ నమ్మకం. లేస్తే ఆ చోటు ఇంకొకరు పట్టేస్తారని బాత్రూంకి కూడా వెళ్ళకుండా బిగబట్టుకుంటారు.

"వెళ్ళిరా పిన్నీ, నేను చూస్తూ ఉంటాగా," అనేవాడు వజీహ్. ఆమె అటు వెళ్ళగానే మీట నొక్కి, మిగిలిన డబ్బుకి మెషీను ఇచ్చే చీటీ జేబులో వేసుకుని మాయమయ్యేవాడు. ఫిర్యాదు చేస్తే ఇంట్లో తెలిసిపోతుంది. అందుకే ఎవరూ నోరు విప్పేవారు కాదు.

ఒదెత్ అనే ముసలామె కూడా విప్పలేదు. మొగుడి కిడ్నీ మందుల డబ్బు పోయిందని తెలిసీ అదే కుర్చీలో కూర్చుండిపోయింది. అందులోనే ప్రాణం వదిలింది. 'నేనేమైనా పీక పిసికానా?' అని నెల రోజులుగా వజీహ్ తనకు తాను చెప్పుకుంటున్నాడు. సిగ్గులేని జన్మ!

ఆ ఆదివారం అదే మెషీను ముందు నల్ల ముసుగు కప్పుకుని ఒకామె కూర్చుంది. సాంబ్రాణి వాసన... దాని వెనకే ఆసుపత్రి వాసన.

"కాస్త నా చోట కూర్చుంటావా నాయనా?" గుసగుసగా అడిగింది, మొహం తిప్పకుండానే. "నేను వెళ్ళొస్తా."

అడక్కుండానే దొరికింది! "వెళ్ళిరా పిన్నీ," అంటూ వజీహ్ కూర్చున్నాడు. కుర్చీ చల్లగా ఉంది. మీట నొక్కాడు. చీటీ వచ్చింది. తెల్లకాగితం. మళ్ళీ నొక్కాడు... తెల్లదే.

నేల తుడుస్తున్న సల్మా ఆగింది.

"ఇందాక ఎవరితో మాట్లాడావన్నా?"

"ఇప్పుడే లేచి వెళ్ళిందే, ఆ పెద్దామె..."

"ఒదెత్తమ్మ పోయాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. నువ్వే మొదలు."

వజీహ్ ఇంటికి ఒకటే పరుగు. వాడికి ఈ లోకంలో ఉన్నది తల్లి ఒక్కతే. చేసే పాపమంతా ఆమె కోసమేనని చెప్పుకునేవాడు. మూడంతస్తులు ఎక్కి తలుపు బాదాడు.

"అమ్మా! తియ్యి... నేను!"

తలుపు జానెడు తెరుచుకుంది. లోపల్నుంచి సాంబ్రాణి వాసన వచ్చింది. తల్లి పరాయివాణ్ణి చూసినట్టు చూసింది.

"ఎవరు బాబూ నువ్వు?"

"అమ్మా... వజీహ్‌ని!"

"అదేం మాట? నా కొడుకు ఇందాకే వచ్చాడు. అన్నం తింటున్నాడు."

లోపల చెంచా చప్పుడు ఆగింది.

"ఎవరమ్మా అది?" అచ్చం వజీహ్ గొంతే.

"ఎవరో పిచ్చాడు నాయనా. నువ్వు తిను."

గొళ్ళెం పడింది. లోపల ఆ గొంతు ఏదో అంది... తల్లి పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వగా వజీహ్ ఎన్నడూ వినలేదు.