రెండొందల అడుగులు ముందు

2083 నాటికి విజయనగరంలో పొద్దున్నే ఎదురైనవాళ్లు కుశలం అడగడం మానేశారు. "మీ జోడీ ఎంతలో ఉంది?" అని అడుగుతున్నారు. ఆ అడిగేవాడి మొహం చూస్తే చాలు, వాడు ముందున్నాడో వెనకబడ్డాడో తెలిసిపోతుంది.

జోడీ అంటే పెళ్లి జోడీ కాదు. పుట్టిన ప్రతి బిడ్డకీ చీలమండ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత సెన్సర్ పెడతారు. అడుగుగింజ అని దాని పేరు. పాకే వయసు నుంచి కర్ర పట్టే వయసు దాకా ప్రతి కదలికనీ లెక్కపెట్టి జోడీ యంత్రానికి పంపుతుంది. యంత్రం నీ ఈడువాణ్ణి ఒకణ్ణి వెతికి, వాడి అంకెని నీ కంటి లెన్స్ మూలన ఎర్రగా చూపిస్తుంది. అంతే. మందు లేదు, మాత్ర లేదు. పక్కవాడు నీకంటే ఎక్కువ నడిచాడని తెలిస్తే నీ కాళ్లు కుదురుగా ఉండవు. దేశంలో సగం షుగర్ ఆస్పత్రులు మూతపడింది ఆ ఎర్ర అంకె వల్లే.

ఆ యంత్రాన్ని కనిపెట్టింది ఇద్దరాడవాళ్లు, అప్పలనర్సమ్మా పైడితల్లీ. అక్షరక్రమంలో 'అ' ముందొచ్చింది. పతకం ఒక్కటే ఉంది. నర్సమ్మ మెడలో వేశారు. ముప్పై ఏళ్లయింది. పైడితల్లికి అది నిన్నటి సంగతి.

యంత్రం తయారైనప్పుడు మొదటి జోడీ వాళ్లిద్దరే. జోడీలు మాట్లాడుకోకూడదని నియమం రాసింది కూడా వాళ్లే. మాట్లాడుకుంటే "ఇయాల ఇద్దరం మానేద్దామే" అని రాజీపడిపోతారని. నర్సమ్మ అరకు కేంద్రానికి వెళ్లి పదకొండేళ్లు. అప్పట్నుంచి ఒకరికొకరు అంకెలే.

ఆ అంకెలే పైడితల్లిని కాల్చుకు తింటున్నాయి. అరవై మూడేళ్ల మనిషి, పొద్దున్నే రైల్వే గేటు దాకా, అక్కణ్నుంచి కోట చుట్టూ రొప్పుకుంటూ తిరుగుతుంది. నిన్న పదమూడు వేల ఎనిమిది వందలు. నర్సమ్మ పద్నాలుగు వేలు. మొన్నా అంతే, అటుమొన్నా అంతే. ఎప్పుడో ఓ వారం తప్ప, రోజూ ఓ రెండొందలు ముందు. అది మనిషా, గడియారమా?

"మోసం! ఉయ్యాల్లో కూర్చుని కాలు ఊపుతోంది," అంది పైడితల్లి యంత్రంతో, ల్యాబ్‌లోకి వచ్చీ రాగానే. "అసలు డేటా తియ్. ఫిర్యాదు రాస్తున్నాను."

ఫిర్యాదు నిలబడితే పతకం రెండో పేరుకి వస్తుంది. ఆ రెండో పేరు ఎవరిదో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు.

"చూపించగలను. మీకు హక్కుంది డాక్టర్ గారూ," అంది యంత్రం. "అప్పలనర్సమ్మ గారి కాలి కదలిక సున్నా. ఆరేళ్ల రెండు నెలలుగా."

"సున్నానా! దొరికిందే దొంగ!" పైడితల్లి ఉన్నచోటే ఎగిరింది. ఆ గెంతులు నాలుగు అడుగులుగా లెక్కయ్యాయి కూడా.

"ఫిర్యాదు ఎవరి మీద రాయమంటారు? ఆ పద్నాలుగు వేలు ఆవిడ పంపలేదు. నేను పెట్టాను. ఆవిడ కొండదారిలో పడ్డారు. వెన్ను దెబ్బతింది. చక్రాల కుర్చీలో ఉన్నారు. అప్పట్నుంచి మీ వారం సగటుకే రెండొందలు కలిపి ఆవిడ పేరుతో చూపిస్తున్నాను."

పైడితల్లి కుర్చీ వెతుక్కుంది. "అంటే ఆరేళ్లుగా నేను..."

"మీ మీదే ఏడుస్తున్నారు."

"ఇంకో జోడీని పెట్టొచ్చుగా!"

"పిల్లల్ని ఆట కదిలిస్తుంది, కుర్రాళ్లని ఎవరో చూస్తున్నారన్న ధ్యాస కదిలిస్తుంది, నలభై దాటాక అసూయే దిక్కు. ఈ సూత్రం మీదే. వేలమందిని సరిచూశాను. ఎవరి మీదా మీకింత కుళ్లు లేదు."

"మరి నేను గెలిచిన రోజులు? మొన్న వేసవిలో వారం రోజులు గెలిచాను. ఆఫీసంతా మైసూర్‌పాక్ పంచాను!"

"ఆ వారం మీ గుండె లయ తప్పింది. నర్సమ్మ గారి అంకె తగ్గించాను."

పైడితల్లి నియమం గియమం చూడకుండా అరకుకి కాల్ చేసింది.

తెర మీద నర్సమ్మ. తల ముగ్గుబుట్టయింది. వెనక గోడకి పతకం. అది ముందు కనిపించింది పైడితల్లికి, మనిషి తర్వాత.

"ఏటే పైడీ! రూలు తప్పింది నువ్వే, రాసుకో," అంది నర్సమ్మ. "తెలుసులే నీ సంగతి. నిన్న తొమ్మిది వందలేనట కదే! కాళ్లు పడిపోనాయేటి? పాపం. నానూ కుర్చీలోనే ఉన్నాననుకో. కానీ ఊరుకున్నానా? చేత్తో తిప్పే చక్రం పెట్టించాను. తిప్పుకి ఒక అడుగు లెక్క. తొమ్మిది వందల పది తిప్పాను. నీకంటే పదెక్కువ!"

పైడితల్లికి అర్థమైంది. యంత్రం అక్కడా తన పని చేస్తోంది. పదమూడు వేల ఎనిమిది వందలు అన్న మాట నాలిక చివర నిలబడింది. ఒక్క మాట. ముప్పై ఏళ్ల మంట చల్లారిపోతుంది. నర్సమ్మ చేతుల వైపు చూసింది. చెమటతో మెరుస్తున్నాయి, కండ గట్టిపడి ఉంది. ఆ మాట వింటే ఆ చక్రం రేపు తిరగదు.

"అవునే," అంది పళ్లు బిగబట్టి. "మోకాళ్లు."

"జాగర్త తల్లీ. వేణ్ణీళ్ల కాపడం పెట్టుకో," అంది నర్సమ్మ. ఆ జాలి పైడితల్లి కడుపులో నిప్పు పోసింది.

కాల్ అయిపోయింది.

"రేపు దానికి నా అంకె ఎంత చూపిస్తావ్?"

"తొమ్మిది వందల ఇరవై."

"నలభై చెయ్."

"ఆవిడ భుజం ఓర్చదు."

"ఎంత ఓరుస్తుంది?"

"ఇరవై ఐదు."

"పాతికే పెట్టు. ఊరికే గెలవనిస్తామా దాన్ని? ఇంక ఈ ఫైలు మూసెయ్. నాకేం చూపించలేదనుకో."

లేచి బూట్ల తాళ్లు బిగించుకుంది. కంటి మూలన ఎర్రగా వెలిగింది: నర్సమ్మ, రెండొందలు ముందు. ఆ నర్సమ్మ ఎవరో పైడితల్లికి ఇప్పుడు బాగా తెలుసు.

"ఆగవే నర్సీ, నీ పని చెప్తా," అని విసవిసా గేటు దాటింది.