ట్రైలర్‌కు మొలిచిన తోక

“ఎత్తు. ఇంకా ఎత్తు. ఆ చివర నీ తలకంటే పైన ఉండాలి,” అంది నానమ్మ.

మారిట్ మట్టిరంగు గొట్టాన్ని తలపైకి ఎత్తి ఒక్కో అడుగే ముందుకు వేసింది. లోపల మిగిలిన నీళ్ళు గుడగుడమంటూ అవతలి చివర నుంచి మురుగు తూములోకి జారిపోయాయి. ఆమె మోచేతుల దాకా నానమ్మ రబ్బరు గ్లౌజులు ఉన్నాయి. గ్లౌజులు వేసుకున్నప్పుడే ముక్కు దురద పెడుతుంది. మామూలప్పుడు ఎన్నడూ పెట్టదు. మారిట్ ముక్కును భుజానికేసి రుద్దుకుంది.

“ఏమే, మురుగు మహారాణీ! కిరీటం కారుతోంది, జాగ్రత్త!” అని లారీ అద్దం తుడుస్తూ అరిచాడు లీఫ్.

“నీ అద్దం సంగతి చూసుకో అన్నా! ఈగలన్నీ అక్కడే ఉన్నాయి.”

నిరుడు ఈ పని లీఫ్‌దే. ఇప్పుడు అతనికి పద్దెనిమిదేళ్ళు నిండి లారీ చేతికొచ్చింది. గొట్టం మారిట్ చేతికొచ్చింది.

వేసవి వచ్చిందంటే వాళ్ళ ఇల్లు చక్రాల మీదే. అమెరికాలో గోధుమ ముందుగా పండేది దక్షిణాన, టెక్సస్‌లో. అక్కడ కోతలు మొదలుపెట్టి, పంట పండేకొద్దీ ఉత్తరానికి జరుగుతూ, ఊరూరా రైతుల చేలు కోసిపెట్టి, ఆఖరికి డకోటాలో సొంతూరు చేరతారు. అమ్మ అక్కడ ఆవులను చూసుకుంటూ ఉంటుంది. దారిలో అందరికంటే ముందు కోత యంత్రాన్ని మోసే పెద్ద లారీ, అది నాన్నది. దాని వెనక, వాళ్ళ చక్రాల ఇల్లయిన ట్రైలర్‌ను లాగే పికప్ బండిలో నానమ్మ, మారిట్. అందరి వెనక గింజల లారీలో లీఫ్.

గొట్టంతోపాటు మారిట్‌కు ఇంకొకటి కూడా వచ్చింది. బయలుదేరే ముందు ట్రైలర్ చుట్టూ తిరిగి, అన్నీ సరిగా ఉన్నాయని చూసుకుని, రేడియోలో “సిద్ధం” అని చెప్పే పని. ఆ మాట వినబడితే తప్ప నాన్న లారీ కదలదు. అంత పెద్ద లారీ తన ఒక్క మాట కోసం కాచుకుని ఉండటం మారిట్‌కు ఎంత ఇష్టమో చెప్పలేం. పుట్టినరోజు కేకు కూడా దాని తర్వాతే.

నాన్న మాటలు తక్కువ మనిషి. ఈ పని అప్పగించిన రోజున ఆయన చెప్పింది కొంచెమే.

“కంటితో చూస్తే చాలదు. చేత్తో ముట్టుకో. ముట్టుకున్నదాని పేరు పైకి అను.”

గొట్టం నీళ్ళు ఓడ్చుకున్నాక మారిట్ రెండు చివరలకూ మూతలు బిగించింది. దాన్ని హార్మోనియం తిత్తిలా దగ్గరికి నొక్కి, ట్రైలర్ వెనక బంపరులోకి తోసింది. ఆ బంపరు లోపల బోలుగా ఉన్న నలుచదరపు ఇనప దూలం. మురుగు గొట్టం ఇల్లు అదే. తెల్లగా ఉండే మంచినీళ్ళ గొట్టం మాత్రం అవతలి పక్క పెట్టెలో ఉంటుంది.

“ఆ రెండూ చుట్టాలు కావు. పొరపాటున కూడా ఒకచోట పెట్టకు,” అంటుంది నానమ్మ.

ఇక బంపరు మూత పెట్టి తిప్పాలి. టక్కుమనే దాకా తిప్పాలి. మారిట్ మూత పెట్టింది. ఇంతలో సైకిలు బెల్లు మోగింది.

వీళ్ళు కోసిపెట్టిన చేల రైతు పిల్లలు వేడ్, జోలీన్ వచ్చారు. జోలీన్ చేతిలో గుడ్డ కప్పిన చెర్రీ పై, అంటే చెర్రీ పళ్ళు కూరి కాల్చిన తీపి రొట్టె ఉంది.

“మా అమ్మ పంపింది. దారిలో తినమంది,” అంది జోలీన్.

నానమ్మ పై అందుకుని వాసన చూసి, “దారి దాకా ఆగుతుందా ఇది?” అంటూ లోపలికి తీసుకుపోయింది. మారిట్ గ్లౌజులు విప్పి, సంచిలో వేసి, చేతులు కడుక్కుంది. మూత తిప్పడం అన్నిటికంటే చివర చేయొచ్చులే, ఎలాగూ చుట్టూ తిరగాలిగా అనుకుంది.

“బయలుదేరదామా?” అని నాన్న కేకేశాడు.

మారిట్ ట్రైలర్ తలుపు మీద చెయ్యి వేసి, “తలుపు!” అంది. మడిచిన మెట్టును ముట్టుకుని, “మెట్టు!” అంది.

వేడ్ పకపకా నవ్వాడు. “ఏయ్, ట్రైలర్‌తో మాట్లాడుతున్నావా? బదులు చెబుతుందా అది?”

“చెప్పదూ? నన్నెందుకు గిల్లుతున్నావే అంటుంది!” అంది జోలీన్.

మారిట్ చెవులు వేడెక్కాయి. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది. మిగతా చుట్టంతా ఈల వేసుకుంటూ తిరిగింది. కరెంటు వైరు చుట్టి ఉంది. ఆగినప్పుడు ట్రైలర్‌కు దన్నుగా దించే మూలల కాళ్ళు పైకి ఎత్తి ఉన్నాయి. బంపరు మూత దాని చోట అది ఉంది. అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి.

పికప్ ఎక్కి రేడియో అందుకుంది. “సిద్ధం!”

ముందున్న పెద్ద లారీ గుర్రుమని కదిలింది.

ఆ దారుల్లో ఎదురుపడ్డవాళ్ళు స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఎత్తుతారు. అదే పలకరింపు. నాన్న ఎవరికైనా ఒక్క వేలే ఎత్తుతాడు. ఎంత దగ్గరి చుట్టమైనా అంతే.

నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక చిన్న ఊరు వచ్చింది. ఒకటే పెద్ద వీధి. కోతల బండ్లు వస్తే జనం చేతులూపడం మామూలే. కానీ ఈ ఊళ్ళో జనం మరీ ఎక్కువగా ఊపుతున్నారు. కాఫీ హోటల్లోంచి బయటికి వచ్చి మరీ ఊపుతున్నారు. మంగలి షాపు అరుగు మీద ఒక ముసలాయన టోపీ తీసి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

“ఎంత మంచివాళ్ళో, నానమ్మా!” అని మారిట్ కిటికీలోంచి రాణిలా చెయ్యి ఊపింది.

రేడియో గరగరలాడింది. “నానమ్మా,” అన్నాడు లీఫ్. నవ్వుతో అతనికి మాట రావడం లేదు. “మన ట్రైలర్‌కు తోక మొలిచింది. ఊపుతోంది కూడా.”

నానమ్మ బండి పక్కకు ఆపింది. మారిట్ దిగి వెనక్కి పరుగెత్తింది.

బంపరు మూత లేదు. గొట్టం ఒక చివర బంపరులో ఇరుక్కుని, మిగతాది సాగి సాగి వీధి పొడవునా పడి ఉంది. ఎవరిదో తెల్లకుక్క దాని చివర నోట కరచుకుని, నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి లాగుతోంది.

“బిస్కెట్! వదలవే! ఛీ, అది ఏ గొట్టమో తెలుసా నీకు?” అంటూ కుక్క వెంట ఒకామె పరుగెత్తుకొచ్చింది.

వీధి వీధంతా నవ్వింది. నానమ్మ ట్రైలర్‌కు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మారిట్‌కు కూడా నవ్వొచ్చింది. గొట్టం పైకెత్తి చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. రోడ్డు ఒరుసుకుని గొట్టం జల్లెడలా చిల్లులు పడింది. కోతల నుంచి దుమ్ముతో వచ్చేవాళ్ళు స్నానాలు చేస్తే ఆ నీళ్ళన్నీ ట్రైలర్ కిందున్న తొట్టిలో నిండుతాయి. గొట్టం లేకపోతే అవి పోయే దారి లేదు.

నాన్న నడుచుకుంటూ వచ్చాడు. బంపరు చివర వంగి చూశాడు.

“పాత మూత కదరా, గాడి అరిగిపోయి ఉంటుంది,” అంది నానమ్మ.

“అవును నాన్నా, నిరుడే వదులుగా ఉండేది,” అన్నాడు లీఫ్.

మారిట్ ఊరుకుంటే చాలు. తప్పంతా మూత మీదికి పోతుంది. “సిద్ధం” అనే మాట తన దగ్గరే ఉంటుంది.

నాన్న వెనక రోడ్డు వైపు చూశాడు. “లీఫ్ ముందు మోటారుసైకిలు ఉండి ఉంటే?” అన్నాడు.

మారిట్ ఆ మోటారుసైకిలును ఊహించుకుంది. దాని చక్రంలో గొట్టం చుట్టుకోవడం కూడా.

“మూతది కాదు తప్పు,” అంది. “నేను తిప్పలేదు. ముట్టుకోనూ లేదు. చూశానంతే. వాళ్ళు నవ్వారని జేబుల్లో చేతులు పెట్టుకున్నాను.”

లీఫ్ గ్లౌజుల సంచి తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

“గ్లౌజులు వేసుకో,” అన్నాడు నాన్న.

ఊరంతా చూస్తుండగా మారిట్ ఆ చిల్లుల గొట్టాన్ని చుట్టి పాత సంచిలో కట్టింది. ఆ తెల్లకుక్క తాలూకు ఆమె దారి చూపించింది. వీధి చివర రైతు సామాన్ల కొట్టులో కొత్త గొట్టం, కొత్త మూత దొరికాయి.

ఆ సాయంత్రం కొత్త మకాంలో అందరూ చెర్రీ పై తింటుంటే మారిట్ మాత్రం ఫోర్కుతో ముక్కను పొడుస్తూ కూర్చుంది. ఇంక ఆగలేక అడిగేసింది.

“నాన్నా, ఇకమీదట ‘సిద్ధం’ లీఫ్ అన్న చెబుతాడా?”

“కొత్త గొట్టం ఎవరు బిగించారు?”

“నేనే.”

“మరి లీఫ్ ఎందుకు చెబుతాడు?” అన్నాడు నాన్న. “పై తింటావా, నన్ను తినెయ్యమంటావా?”

మారిట్ ఒక్క గుటకలో సగం ముక్క మింగేసింది.

అక్కడి కోతలు ముగిశాయి. బండ్లు డకోటా వైపు తిరిగాయి. ఈసారి సాగనంపడానికి నలుగురైదుగురు పిల్లలు కంచె ఎక్కి కూర్చున్నారు. ఇంజన్లు మోగుతున్నాయి. లీఫ్ ఊరికే హారన్ కొడుతున్నాడు.

మారిట్ తలుపు మీద చెయ్యి వేసింది. “తలుపు!” ఈసారి ఇంకా గట్టిగా అంది.

కంచె మీద నవ్వులు మొదలయ్యాయి. “ఎవరితోనే మాట్లాడుతున్నావు?” అని అరిచాడొక పిల్లవాడు.

“ట్రైలర్‌తో! దీనికి గిలి ఎక్కువ. మీరూ ముట్టుకుంటారా?”

పిల్లలు దబదబా దూకారు. మారిట్ ముందు, వాళ్ళు వెనక, రైలుబండి కట్టారు. “మెట్టు!” అంటే అందరూ మెట్టును ముట్టుకుని “మెట్టూ!” “వైరు!” అంటే “వైరూ!” తెల్లగొట్టం పెట్టె దగ్గర కేక, మూలల కాళ్ళ దగ్గర కేక. అందరికంటే చిన్నపిల్ల ప్రతిదాన్నీ రెండుసార్లు ముట్టుకుంది.

చివరికి బంపరు వచ్చింది. మూత దాని చోట అది ఉంది. పొద్దున మారిట్ దాన్ని తిప్పిన మాటా నిజమే. అయినా పట్టుకుని ఇంకొంచెం తిప్పింది.

టక్!

“మూత!” అంది మారిట్.

“మూతా!” అని చేలన్నీ దద్దరిల్లేలా అరిచారు పిల్లలు.

పికప్ ఎక్కి రేడియో అందుకుంది. “సిద్ధం!”

“ఏమే మహారాణీ, తోక లోపలే ఉందా?” అన్నాడు లీఫ్.

“లోపలే ఉంది. ముట్టుకునే చెబుతున్నాను.”

పెద్ద లారీ కదిలింది. మలుపు తిరిగేటప్పుడు నాన్న కిటికీ వాళ్ళ వైపుకు వచ్చింది. ఆయన స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఎత్తాడు.

ఆ తర్వాత పక్క వేలు కూడా ఎత్తాడు.